డెల్టా ఊళ్లలో చిన్న డిజిటల్ కెమెరా: ఒక సమీక్ష

తక్కువ ధరకు దొరికే చిన్న డిజిటల్ కెమెరాకు నేటి జీవితంలో చోటు ఉన్నదా అన్న ప్రశ్న పైకి చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఒక తరం కుటుంబ చరిత్రలో, గ్రామ చరిత్రలో ఎంత మిగులుతుందన్నది కొంతవరకు దాని సమాధానం మీద ఆధారపడి ఉన్నది. చేతిలో ఫోను ఉండగా వేరే కెమెరా దండుగ అని ఒక పక్షం అంటుండగా, పాత చిన్న కెమెరాల బొమ్మలో ఫోనుకు అందని అందమేదో ఉన్నదని, కాబట్టి వాటిని వెతికి కొనాలని ఇటీవలి యువతరంలో మరో పక్షం అంటున్నది. ఈ రెండు పక్షాలూ కెమెరాను విడి వస్తువుగా చూసి తీర్పు చెబుతున్నాయే గాని, దాన్ని వాడే చోటులో, వాడే పనిలో పెట్టి చూడటం లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమ ఉన్న అమృతలూరు వంటి కృష్ణా పశ్చిమ డెల్టా మండలంలో, అంటే వరి, మినుము పండే పొలాలు, కాలువ గట్లు, గాలిలో వదలని చెమ్మ, వేసవి పెళ్లిళ్లు, గోవాడ బాలకోటేశ్వరస్వామి ఆలయం దగ్గర మహాశివరాత్రి తిరునాళ్ల ఉన్న చోట, దీన్ని పరిశీలించినప్పుడు ఈ కెమెరా విలువ అది తీసే బొమ్మ నాణ్యతలో కంటే, తీసిన బొమ్మ ఎక్కడ, ఎలా దాగి ఉన్నదన్న దానిలోనే ఎక్కువగా ఉన్నదని తేలుతుంది.

లెన్సు విడదీయడానికి వీలులేకుండా, జేబులో పట్టే పరిమాణంలో, మీట నొక్కితే వెలుగును, స్పష్టతను తనంతట తానే కుదుర్చుకునే కెమెరాను కాంపాక్ట్ కెమెరా అంటారు. కానన్ పవర్‌షాట్, నికాన్ కూల్‌పిక్స్, సోనీ సైబర్‌షాట్, కొడాక్ ఈజీషేర్, ఫ్యూజీఫిల్మ్ ఫైన్‌పిక్స్ అన్న పేర్లతో 2000 తర్వాతి పదిహేనేళ్లలో మధ్యతరగతి ఇళ్లకు చేరినవి ఇవే. దీని వెనుక ఉన్న శాస్త్రం అంతకంటే పాతది. వెలుగును విద్యుదావేశంగా మార్చి వరుసగా చదివే సీసీడీ అన్న సిలికాన్ పలకను 1969లో బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించారు. 2009 భౌతికశాస్త్ర నోబెల్‌లో వారికి భాగం దక్కింది. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ కూర్చిన తొలి చేతి డిజిటల్ కెమెరా సుమారు మూడున్నర కిలోల బరువు ఉండి, పదివేల బిందువుల నలుపు తెలుపు బొమ్మను క్యాసెట్టు మీద నమోదు చేయడానికి 23 సెకండ్లు తీసుకునేది. రంగులు గుర్తించలేని సిలికాన్ పలక మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్ల జల్లెడ పరిచే పద్ధతికి అదే సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందగా, నేటి ఫోన్లలో కూడా అత్యధికం ఆ పద్ధతినే అనుసరిస్తున్నాయి. తీసిన బొమ్మను వెనుక తెర మీద వెంటనే చూసే సౌకర్యం 1995లో కాసియో క్యూవీ-10తో సామాన్య వినియోగదారుడికి అందింది.

ఈ చివరి సౌకర్యమే ఊళ్లలో ఫోటో తీసే అలవాటును మార్చివేసింది. అంతకు ముందు రీలు కెమెరా ఉన్న ఇంట్లో కూడా 36 ఫోటోల రీలు ఒకటి వేస్తే, అది పండగకు మొదలై పెళ్లితోనో ప్రయాణంతోనో ముగిసి, ఆపైన కడిగించడానికి పట్నం స్టూడియోకు వెళ్లేది. ఒక్కో ఫోటోకు ఖర్చు ఉండటం వల్ల మనుషులు నిలువుగా, కదలకుండా, కెమెరా వైపు చూస్తూ నిలబడేవారు. పని చేసుకుంటున్న మనిషిని, వంటింటిని, దూడను, నాట్లు వేసే కూలీల వరుసను ఫోటో తీయడం ఆ ఖర్చుకు తగదన్న లెక్క ఉండేది. తెనాలి దగ్గరి తుమ్మపూడిలో ఉండి రచన, చిత్రకళలతో పాటు ఫోటోగ్రఫీని కూడా సాధన చేసిన సంజీవదేవ్ వంటివారు ఈ ప్రాంతంలో అరుదు. చౌక డిజిటల్ కెమెరా ఆ ఖర్చును దాదాపు సున్నాకు దించి, మామూలు రోజును కూడా ఫోటోకు అర్హం చేసింది. దీన్ని సాంకేతిక విషయంగా చూడటం కంటే సామాజిక విషయంగా చూడటమే సబబు.

కొనుగోలు సమయంలో ఎక్కువగా తప్పుదారి పట్టించినది మెగాపిక్సెల్ లెక్క. ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల బిందువులు. అంగుళానికి 300 బిందువుల చొప్పున ముద్రించే నాలుగు-ఆరు అంగుళాల మామూలు ఫోటోకు 1200 నిలువు, 1800 అడ్డం బిందువులు, అంటే సుమారు 22 లక్షలు చాలు. ఎనిమిది-పది అంగుళాల ఫోటోకు 72 లక్షలు కావాలి. అందువల్ల ఐదు మెగాపిక్సెళ్ల కెమెరా ఇంటి అవసరాలకు సరిపోతుండగా, అదే పరిమాణపు పలక మీద పన్నెండు, పదహారు, ఇరవై మెగాపిక్సెళ్లను ఇరికించడం వల్ల ఒక్కో గడికి అందే వెలుగు తగ్గి, మసక వెలుతురులో బొమ్మ మీద ఇసుక చల్లినట్టు రవ్వలు లేచాయి. ఈ కెమెరాల్లో సర్వసాధారణమైన పలక సుమారు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. పాత 35 మిల్లీమీటర్ల రీలు మీది ఒక చట్రం వైశాల్యంలో ఇది ముప్పయ్యో వంతు మాత్రమే. మిగతా లోపాలలో చాలావాటికి మూలం ఈ కొలతే. వెలుగు తగ్గినప్పుడు కెమెరా ఐఎస్ఓ సంఖ్యను, అంటే సంకేతాన్ని పెంచి చూపే స్థాయిని, పెంచుతుంది. 400 దాటిన తర్వాత ఈ చిన్న పలకల బొమ్మలు చాలావరకు చెదిరిపోతాయి. కనుక ఐఎస్ఓను చేతితో 100 లేక 200 దగ్గర నిలిపి, కెమెరాను స్తంభానికో గోడకో ఆనించి తీయడం ఏ ఖరీదైన హంగుకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఫోనుతో పోలిక వచ్చినప్పుడు నిజాన్ని నిజంగానే ఒప్పుకోవాలి. మధ్యరకం ఫోన్ల ముఖ్య కెమెరాలో ఇప్పుడున్న పలక పాత కాంపాక్ట్ పలకకు సమానంగానో పెద్దదిగానో ఉంటుంది. పైగా ఒక్క నొక్కుకు పలు చట్రాలు తీసి, వాటిని కలిపి రవ్వలను తుడిచి, ఎండనూ నీడనూ సర్దే గణన పద్ధతులు ఫోన్లలో స్థిరపడ్డాయి. మసక వెలుతురులోను, మిట్టమధ్యాహ్నపు తీవ్రమైన ఎండనీడలలోను చౌక కాంపాక్ట్ ఫోను ముందు నిలవలేదు. మార్కెట్టు తీర్పు కూడా అదే. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సీపా లెక్కల ప్రకారం 2010లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12 కోట్ల డిజిటల్ కెమెరాలు కర్మాగారాల నుంచి బయటికి రాగా వాటిలో అత్యధికం చిన్న కెమెరాలే. 2023 నాటికి చిన్న కెమెరాలు 20 లక్షల లోపుకు పడిపోయాయి. భారతదేశంలో డిజిటల్ కెమెరాలపై 28 శాతంగా ఉన్న జీఎస్టీని 2019 జనవరి 1 నుంచి 18 శాతానికి తగ్గించినా, 2016 సెప్టెంబరులో జియో రాకతో చౌకైన డేటా ఊళ్లకు చేరి, తీసిన ఫోటోను ఆ క్షణమే బంధువులకు పంపడం అలవాటైపోయిన తర్వాత, పన్ను తగ్గింపు పెద్ద మార్పు తేలేకపోయింది.

అయినా మూడు పనుల్లో చిన్న కెమెరా ఇప్పటికీ చెప్పుకోదగ్గది, ఆ మూడూ డెల్టా జీవితానికి దగ్గరివే. మొదటిది అతి దగ్గరి వస్తువును తీయడం. వరిలో సుడిదోమ మూడు నాలుగు మిల్లీమీటర్ల పురుగు. దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి కాస్త పైన గుంపులుగా కూర్చుని రసం పీలుస్తుంది గనుక పైనుంచి చూస్తే చేను పచ్చగానే కనిపిస్తుంది. మినుములో మారుకా పురుగు పూత, పిందెల గూటిలో దాగి ఉంటుంది. పల్లాకు తెగులు తొలిదశలో ఆకు మీద చిన్న పసుపు మచ్చలుగానే ఉంటుంది. ఇటువంటివాటిని గుర్తుపట్టేటట్టు తీయడానికి చాలా కాంపాక్టులలో పువ్వు గుర్తుతో ఉండే మాక్రో పద్ధతి మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల దూరం వరకు పనిచేస్తుంది. పలక చిన్నది కావడం ఇక్కడ లోపం కాకుండా గుణంగా మారుతుంది: స్పష్టంగా కనిపించే లోతు ఎక్కువగా ఉండటం వల్ల పురుగు కాళ్లతో పాటు అది కూర్చున్న కాండం కూడా తేటగా వస్తుంది. చౌక ఫోన్లలో మాక్రో పేరుతో పెట్టే విడి కెమెరా తరచు రెండు మెగాపిక్సెళ్లదే కావడంతో ఆ పని అంత బాగా చేయదు. సాంబ మసూరిగా ఇంటింటికీ తెలిసిన బీపీటీ 5204ను 1986లో అందించిన బాపట్ల ఈ ప్రాంతపు వ్యవసాయ విజ్ఞాన కేంద్రం. అక్కడి శాస్త్రవేత్తకైనా, మండల వ్యవసాయాధికారికైనా దూరం నుంచి తెగులు చూపించవలసిన రైతుకు మచ్చ ఉన్న ఆకు ఒకటి, మొత్తం దుబ్బు ఒకటి, చేను పరిస్థితి ఒకటి, ఇలా మూడు ఫోటోలు తేటగా ఉంటే సలహా సరిగా అందుతుంది. ఆకు పక్కన రూపాయి నాణేన్నో, స్కేలునో పెడితే పరిమాణం కూడా తెలుస్తుంది.

రెండవది దూరపు వస్తువు. లెన్సులోని గాజు పలకలు ముందుకూ వెనక్కూ జరిగి దృశ్యాన్ని దగ్గర చేయడం ఆప్టికల్ జూమ్. తీసిన బొమ్మలో మధ్య భాగాన్ని కత్తిరించి పెద్దది చేయడం డిజిటల్ జూమ్. మొదటిదానిలో వివరం పెరుగుతుంది, రెండవదానిలో పెరగదు. చౌక ఫోన్లలో ఎక్కువగా రెండవదే ఉండగా, అతి మామూలు కాంపాక్టులో కూడా మూడు నుంచి ఐదు రెట్ల ఆప్టికల్ జూమ్ ఉంటుంది. కాలువ గట్టు మీది కొంగను బెదరగొట్టకుండా తీయడానికి, తిరునాళ్లలో జనం మీదుగా ఎత్తైన అలంకార ప్రభను పట్టుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది. అయితే జూమ్ చేసే కొద్దీ లెన్సులోకి వచ్చే వెలుగు తగ్గిపోతుందని, చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. చీకటి పడ్డాక ప్రభల దీపాలను తీయవలసి వస్తే జూమ్ వదిలి దగ్గరకు నడవడమే మంచిది.

మూడవది ఫ్లాష్. కాంపాక్టులలో ఉండే జీనాన్ గొట్టం సెకనులో వెయ్యో వంతు లేక అంతకన్నా తక్కువ కాలం మాత్రమే, కాని చాలా తీవ్రంగా వెలుగుతుంది. ఫోనులోని ఎల్ఈడీ దానితో పోలిస్తే బలహీనం. కొబ్బరాకు పందిరి కింద పెళ్లికూతురి ముఖం నీడలో ఉండి వెనుక మిట్టమధ్యాహ్నపు ఎండ ఉన్నప్పుడు, ఫ్లాష్‌ను బలవంతంగా వెలిగిస్తే ముఖానికీ వెనుక దృశ్యానికీ వెలుగు సమం అవుతుంది. ఆ ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లకు మించి చేరదు కాబట్టి, చివరి వరుసలో నిలబడి వేదికను ఫ్లాష్‌తో తీయడం వ్యర్థం. పెళ్లి ఫోటోలలో మరొక చిక్కు పసుపుది. బంతిపూలు, పసుపు పూసిన చేతులు, ఎర్రని పట్టు వంటి గాఢమైన రంగులు ఎరుపు గడులను నింపివేసి, పూరేకుల వివరమంతా ఒకే ముద్దగా మారుతుంది. వెలుగు సర్దుబాటును సున్నా కంటే మూడింట ఒకటో రెండో వంతులు కిందికి దించితే ఆ వివరం చాలావరకు నిలుస్తుంది. చేతిలో ఉన్న కెమెరాల్లో దాదాపు అన్నిటికీ ఈ సర్దుబాటు ఉన్నా, దాన్ని తెరిచి చూసినవారు తక్కువ.

శిలాశాసనాలను తీసేవారికి మాత్రం ఇదే ఫ్లాష్ శత్రువు. బాపట్ల భావనారాయణస్వామి ఆలయంలోని శాసనాల వంటి అరిగిన అక్షరాల మీద ఎదురుగా పడిన వెలుగు గాడులలోని నీడను చెరిపివేసి రాతిని చదునుగా చూపుతుంది. పొద్దుటి వాలుటెండలో గాని, పక్కనుంచి ఏటవాలుగా టార్చి వేసి గాని తీసినప్పుడే అక్షరం లేచి కనిపిస్తుంది. 1892లో అలెగ్జాండర్ రే తవ్విన భట్టిప్రోలు స్తూపం ఈ ప్రాంతంలోనే ఉండగా, ఊరి గుళ్లలో, చెరువు గట్ల మీద ఇంకా ఎన్నో రాళ్లు ఎండకూ సున్నానికీ గురవుతున్నాయి. వాటిని ఫోటో తీసి పెట్టడానికి వెయ్యి రూపాయల పాత కెమెరా కూడా చాలు.

కొనడం తేలిక, నిలుపుకోవడం కష్టమన్నది ఈ వస్తువు విషయంలో అక్షరాలా నిజం. చౌక నమూనాలు చాలావరకు డబుల్ ఏ పరిమాణపు రెండు సెల్లతో నడుస్తాయి. ఊళ్లో కిరాణా కొట్టులో దొరికే టార్చిలైటు సెల్లు కెమెరాకు కావలసిన కరెంటును ఒక్కసారిగా ఇవ్వలేవు గనుక పది ఫోటోలకే కెమెరా ఆగిపోతుంది. కెమెరా పాడయిందని మూలన పెట్టిన సందర్భాల్లో నిజానికి పాడయినది సెల్లే అయి ఉండవచ్చు. మళ్లీ చార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు వోల్టేజీలో 1.2 మాత్రమే అయినా బలమైన కరెంటు ఇస్తాయి కాబట్టి వాటినే వాడాలి. మెమరీ కార్డులలో కూడా తరాల తేడా ఉన్నది: 2006కు ముందరి కెమెరాలు రెండు గిగాబైట్లలోపు పాత ఎస్‌డీ కార్డులనే చదువుతాయి, ఆ తర్వాత వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ రకాన్ని గుర్తించవు. ఒలింపస్, ఫ్యూజీ పాత నమూనాల ఎక్స్‌డీ కార్డులు ఇప్పుడు దొరకడమే కష్టం. పాత కెమెరా కొనేవారు కెమెరా ధర అడగడానికి ముందు దాని కార్డు, దాని బ్యాటరీ ఇంకా దొరుకుతున్నాయా అని చూసుకోవాలి.

డెల్టా చెమ్మ చేసే హాని అన్నిటికన్నా మెల్లనిది, అన్నిటికన్నా ఖాయమైనది. గాలిలో తేమ అరవై డెబ్బయి శాతం దాటి, కెమెరా తోలు సంచిలోనో బీరువా బట్టల మధ్యనో నెలల తరబడి ఉండిపోతే లెన్సు లోపలి గాజు మీద సాలెగూడు తీగెల్లా బూజు పాకుతుంది, ఆపైన ఫోటోలన్నీ పొగమంచు పట్టినట్టు వస్తాయి. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచడం, నెలకొకసారి తీసి వాడటం, సెల్లు తీసివేసి దాచడం అన్న మూడు అలవాట్లు దీనికి మందు. సెల్లు లోపలే వదిలేస్తే కారిన రసాయనం లోపలి రేకులను తినివేస్తుంది. సూర్యలంక వంటి సముద్రతీరానికి తీసుకువెళ్లినప్పుడు ముందుకు పొడుచుకు వచ్చే లెన్సు గొట్టం సందులో ఇసుక రేణువు ఒక్కటి చేరినా లెన్సు కదలక కెమెరా మొరాయిస్తుంది. మరమ్మతు ఖర్చు కెమెరా ధరను మించుతుంది గనుక అది సాధారణంగా అక్కడితో ముగిసినట్టే.

అధికారిక వ్యవహారాల్లో చిన్న కెమెరా స్థానం బాగా కుంచించుకుపోయింది. ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరును స్థల సమాచారంతో కూడిన ఫోటోలుగా ఫోను యాప్ ద్వారానే పంపవలసి ఉన్నది. పంటల బీమాలో స్థానిక విపత్తు నష్టాన్ని 72 గంటల్లోగా తెలియజేయవలసిన చోట కూడా ఫోను మార్గమే సులువు. ఈ మార్పును తప్పుపట్టలేము, స్థలం, సమయం రెండూ ఫోటోలోనే ఉండటం మోసాన్ని తగ్గిస్తుంది. చౌక కాంపాక్టులలో అత్యధికానికి ఉపగ్రహ స్థాన గుర్తింపు లేదు. తేదీ, సమయం మాత్రం ఎక్సిఫ్ అన్న గుప్త సమాచారంగా ప్రతి ఫోటోలో చేరుతుంది. సెల్లు చాలాకాలం తీసి ఉంచితే గడియారం మొదటికి తిరిగిపోయి నేటి ఫోటో మీద ఎప్పటి తేదీయో పడుతుంది. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం కోరుతుంది కాబట్టి, గట్టు తగాదాకో నష్టపరిహారానికో ఫోటో తీసేవారు తేదీ సరిచూసుకుని, అసలు ఫైలును ఏ మార్పూ చేయకుండా కార్డులోనే ఉంచడం అవసరం.

ఇటీవల నగర యువతలో పాత చిన్న కెమెరాల మీద పెరిగిన మోజు వల్ల 2024లో ప్రపంచ రవాణా సంఖ్యలు కొద్దిగా పెరిగాయి, వాడిన కెమెరాల ధరలూ పెరిగాయి. సీసీడీ పలక ఉన్న కెమెరాలు రీలు రంగులను ఇస్తాయన్నది ఈ మోజుకు ముఖ్య కారణం. ఇది సగమే నిజం. తర్వాత వచ్చిన సీమాస్ పలకకూ సీసీడీకీ వెలుగును చదివే తీరులో తేడా ఉన్నా, కంటికి కనిపించే రంగుల తేడాకు గళ్ల జల్లెడ, లెన్సు, బొమ్మను మలిచే సాఫ్ట్‌వేరు అసలు కారణాలు. ఫోను ముఖాన్ని నునుపు చేసి, ఆకాశాన్ని నీలంగా చేసి, నీడను తెలుపు చేసే చోట పాత కెమెరా ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేస్తుంది. ముడతలు ముడతలుగానే ఉన్న అమ్మమ్మ ముఖం కావాలనుకునేవారికి ఆ గుణం చిన్నదేమీ కాదు.

కాని ఈ ప్రశ్నలో అన్నిటికన్నా బరువైన భాగం కొనుగోలుకు సంబంధించినది కాదు. రీలు కాలపు ఫోటోలు మాసిపోయినా ఆల్బముల్లో, గోడల మీద, బీరువా అరల్లో ఉన్నాయి. ఫోను కాలపువి అక్కరకు మించి ఉన్నా చాలావరకు ఏదో ఒక ఖాతాలో నిలిచి ఉన్నాయి. ఆ రెంటికీ మధ్య, సుమారు 2003 నుంచి 2015 దాకా చిన్న డిజిటల్ కెమెరాతో తీసిన ఫోటోలు ముద్రణకూ వెళ్లలేదు, ఖాతాల్లోకీ ఎక్కలేదు. అవి కార్డుల్లో, చెడిపోయిన కంప్యూటర్ల హార్డు డిస్కుల్లో, స్టూడియోలో రాయించిన సీడీల్లో మిగిలాయి. సీడీలోని రంగు పూత ఎండకూ వేడికీ చెమ్మకూ దెబ్బతింటుంది; కార్డులోని విద్యుదావేశం ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా ఉంటే మెల్లగా జారిపోతుంది. పెంకుటిళ్లు పోయి స్లాబు ఇళ్లు లేచిన కాలమది, కోత యంత్రాలు వచ్చి కోతల కూలీల వరుసలు పలచబడిన కాలమది, పిల్లలు చదువుకు పట్నాలకూ అమెరికాకూ వెళ్లిన కాలమది. ఊరు అంతగా మారిన ఆ దశాబ్దపు దృశ్యమే అన్నిటికన్నా ముందు చెరిగిపోయే స్థితిలో ఉండటం బాధాకరం, అది ఆపగలిగిన నష్టం కావడం మరీ బాధాకరం.

అందువల్ల పాత కెమెరా ఇంట్లో ఉన్నవారు దాన్ని అమ్మే ముందు, తూకానికి వేసే ముందు, చెత్తలో పారేసే ముందు దాని కార్డును బయటికి తీసి కంప్యూటరులోకి ఎక్కించాలి. కార్డు ఖాళీగా చూపినా నిరాశపడనక్కర లేదు; చెరిపిన ఫోటో మీద కొత్తది రాసేంతవరకు అసలు బిందువులు కార్డులోనే ఉంటాయి గనుక, ఫోటోరెక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు వాటిలో చాలావాటిని తిరిగి తీయగలదు, కావలసిందల్లా ఆ కార్డుతో మళ్లీ ఫోటోలు తీయకపోవడం. తీసిన ప్రతిని రెండు వేర్వేరు చోట్ల ఉంచి, వాటిలో ఎంచినవాటిని తెనాలిలోనో రేపల్లెలోనో కలర్ ల్యాబ్‌లో నాలుగు-ఆరు అంగుళాల కాగితం మీద వేయించవచ్చు. 2004 నాటి మూడు మెగాపిక్సెళ్ల కెమెరా ఫోటోకు కూడా ఆ పరిమాణంలో ఏ లోటూ ఉండదు. ఫైలు పేరులో సంవత్సరం, ఊరు, సందర్భం, ఎడమ నుంచి వరుసగా మనుషుల పేర్లు చేర్చాలి, ఎందుకంటే ఎక్సిఫ్ తేదీని చెబుతుంది గాని పేరును చెప్పదు. ఆ పేర్లు చెప్పగల పెద్దలు ఉన్న ఇళ్లలో ఈ పనిని సంక్రాంతికి అందరూ చేరినప్పుడు మొదలుపెట్టడం తేలిక.